లక్ష్మివారం రీడింగులు

"మూడు లక్ష్మివారాలు. మూడుసార్లూ తప్పే. మిగతా రోజుల్లో బుద్ధిగా ఉండే మీటరు ముల్లు ఆ ఒక్కరోజే ఎందుకు పక్కకి పోతుందో మీరే చెప్పండి," అన్నాడు జగన్నాధం, రిజిస్టరు తాయారు ముందుకి తోస్తూ.

తాయారు రిజిస్టరు వైపు చూడలేదు. అతని వైపు చూసింది.

"ఎందుకు పోతన్నాదో నాకేటి తెలుస్తాది? ఎక్కడుంటే అక్కడున్నట్టు రాసాను."

"మార్గశిర మాసం కదా. ఆ రోజు పొద్దున్నే మీ ఇంట్లో పూజలూ అవీ ఉంటాయి."

"ఉంటాయి. అయితే?"

"అయితే ఏం లేదు. ఐదింటికల్లా ఇక్కడికి రావడం కష్టమేమో అని..."

"ఇంట్లో కూకుని, ముగ్గేసుకుంటా, తోచిన అంకె వేసీసానని అనుకుంటన్నారు."

"నేనలా అనలేదు."

"అనలేదు. అనుకున్నారు. అనేస్తే బాగుండును, జవాబు సెప్పీదాన్ని."

పమిట కొంగు నడుముకి బిగించి, డేరా తెర పైకెత్తి వెళ్ళిపోయింది. తెర ఊగడం ఆగేవరకు జగన్నాధం దానినే చూస్తూ కూర్చున్నాడు. తన అనుమానంలో తప్పేమీ లేదని తనకి తానే నచ్చజెప్పుకున్నాడు. అంత గట్టిగా నచ్చజెప్పుకోవలసి వచ్చినప్పుడే సంగతి తెలిసిపోవాలి. కానీ ఇరవై ఆరేళ్ళ వయసులో, చేతిలో డిప్లొమా ఉన్నవాడికి అలాంటివి ఆలస్యంగా తెలుస్తాయి.

అది అరవై ఎనిమిదో సంవత్సరం. కొత్తవలస దగ్గర ఏటి మీదున్న రైలు వంతెన మీదుగా ఇకపై ఇంకా బరువైన ఖనిజం బళ్ళు నడపాలనుకున్నారు. ఆ బరువుకి దూలాలు ఎంత సాగుతాయో కొలిచి చెప్పమని ఒక పరీక్షల కంపెనీకి పని అప్పగించారు. ఆ కంపెనీ తరఫున వచ్చినవాడు జగన్నాధం. వంతెన పక్కనే సోములు అనే రైతు పొలంలో డేరా వేశారు.

కొలిచే సాధనం చూస్తే నవ్వొస్తుంది. తపాలా బిళ్ళంత కాగితం, అందులో తలవెంట్రుక కన్నా సన్నని తీగ. దాని పేరు స్ట్రెయిన్ గేజి. దాన్ని దూలానికి జిగురుతో అతికించి, తడి తగలకుండా మైనం పూస్తారు. రైలు వెళ్ళినప్పుడు దూలం కంటికి కనబడనంత సాగుతుంది. దాంతో పాటు తీగా సాగుతుంది. డేరాలో ఉన్న మీటరు ముల్లు కదులుతుంది. ముల్లు ఎక్కడుందో చూసి రాసుకోవాలి. అంతే.

చిక్కేమిటంటే, ఇనుము ఎండకీ సాగుతుంది. సాగింది బరువుకా ఎండకా అన్నది తేలాలి కదా. అందుకని ఇంకో గేజిని విడి ఇనుప పలకకి అతికించి, వంతెన మొదట్లో గట్టు మీద, దూలం పక్కనే ఇటుకల మీద పెట్టి గోనెపట్టా కప్పారు. ఆ పట్టా మళ్ళీ ఎత్తి చూసే పని ఉండదు. అది బరువు మొయ్యదు. దూలంతో పాటు అదే ఎండ, అదే మంచు అనుభవిస్తుంది. మీటరు ఒకదాన్నుంచి ఇంకోదాన్ని తీసేసి, మిగిలింది చూపిస్తుంది. ఇంజనీర్లు ఆ పలకని డమ్మీ అంటారు.

పగలు రైళ్ళు వెళ్ళేటప్పటి రీడింగులు జగన్నాధమే చూసుకునేవాడు. తెల్లవారుజామున, ఏ బండీ రాకముందు, ముల్లు సున్నా దగ్గర ఉందో లేదో చూడాలి. అది చెడితే ఆ రోజు లెక్కంతా చెడినట్టే. అతను ఉండే గది మూడు మైళ్ళ దూరంలో కొత్తవలసలో ఉంది. అందుకని ఎస్సెల్సీ పాసైన సోములు కూతురు తాయారుని ఆ పనికి పెట్టుకున్నారు.

మొదటిరోజు గేజి అతికిస్తూ జగన్నాధం దూలం మీద కాలు జారాడు. పడలేదు గాని, "ఓలమ్మో, జారిపోతన్నాను!" అని అరిచాడు. కింద గట్టు మీద నిలబడ్డ తాయారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మీదే ఊరండీ?"

"శ్రీకూర్మం," అన్నాడు, దూలాన్ని వాటేసుకునే.

"మరి ఇందాకటి నుంచీ పట్నం తెలుగు మాటాడతన్నారేటి?"

ఆ తరువాత ఆమె ముందు పట్నం తెలుగు మాట్లాడాలంటే సిగ్గేసేది. మానేసినా సిగ్గేసేది.

రెండోరోజు ఆమె ఇనుప పలకని చూపించి, "ఇదేటి పని సేస్తాది?" అని అడిగింది.

"ఏ పనీ చెయ్యదు."

"మరెందుకు?"

డిప్లొమా చదువంతా ఆ క్షణానికే అన్నట్టు జగన్నాధం గొంతు సవరించుకున్నాడు. "ఆ దూలం ఉందే, అది మొగుడు. ఇది పెళ్ళాం. ఎండైనా మంచైనా పక్కనే ఉంటుంది. ఇది లేకపోతే ఆయనగారు బరువుకి వంగాడో, ఎండకి ఉబ్బాడో ఆయనకే తెలీదు."

"అంటే పెళ్ళానికి పనీ పాటా లేదంటారు!"

"నిజం తెలియడానికి ఆవిడ కావాలంటున్నాను."

"అబ్బో," అంది తాయారు. ఆ ఒక్క మాటనీ జగన్నాధం కొత్తవలస వరకు సైకిలు మీద మోసుకుపోయాడు. దారిలో ఎద్దుబండి వాడు పక్కకి తప్పుకోమని మూడుసార్లు కేకేశాడు.

తరువాత వచ్చిన లక్ష్మివారం ముల్లు నలభై గీతలు పక్కన ఉన్నట్టు రాసి ఉంది. ఆ పై వారం కూడా అంతే. మూడో వారమూ అంతే. అతను ఎనిమిదింటికి వచ్చి చూసేసరికి ముల్లు మళ్ళీ సున్నా దగ్గర బుద్ధిగా ఉండేది. ఆ నలభై గీతలూ వెనక వైపుకి, అంటే బరువు పెట్టినప్పుడు ముల్లు వెళ్ళే వైపుకి కాకుండా ఎదురు దిక్కుకి ఉన్నాయి. కాస్త నిదానించి ఉంటే తప్పు దూలం దగ్గర లేదని, పలక దగ్గర ఉందని అతనికే తట్టేది. తట్టలేదు. యంత్రాన్ని అనుమానించడం కన్నా మనిషిని అనుమానించడం సులువు. పైగా అతని ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. తాయారుతో మాటామాటా అయిన మర్నాడే, శనివారం, పై ఆఫీసరు నారాయణమూర్తి గారికి విశాఖపట్నం ఆఫీసుకి ఉత్తరం రాసి పడేశాడు.

మంగళవారం సాయంత్రం తాయారు కార్బను కాగితం కోసం ఫైలు తెరిచింది. ఆ ఉత్తరం నకలు దొరికింది. జగన్నాధం డేరాలోకి వచ్చేసరికి ఇంగ్లీషు మాటల కింద వేలు పెట్టి ఒక్కొక్కటే కూడబలుక్కుంటోంది.

"ముల్లు సూడకుండా అంకెలేసినట్టు అనుమానం, మనిషిని మార్చాలి. ఇదేనా దీనర్థం?"

అతను ఫైలు మూయబోయాడు. ఆమె వేలు తియ్యలేదు.

"సెప్పండి. నా ఇంగ్లీషు సరిగ్గా ఉన్నాదా?"

"మీ పేరు రాయలేదు నేను."

"రీడరని రాసారు. ఇక్కడ ఎంతమంది రీడర్లున్నారేటి?"

కోపంగా ఉన్నప్పుడు ఆమె గొంతు పెరగదు, తగ్గుతుంది. అది అతనికి ఆ రోజే తెలిసింది.

"మా ఊళ్ళో ఎవరికి ఉత్తరమొచ్చినా నా దగ్గిరికే తెస్తారండి. మిలట్రీ నుంచైనా, ఖరగ్‌పూర్ నుంచైనా. మంచి కబురైతే పెంచను, సెడ్డదైతే దాచను. ఉన్నదున్నట్టు సదువుతానని నా సేతికిస్తారు. నాకున్నది ఆ పేరొక్కటే. తాయారు ఒట్టి అంకెలు రాసిందట, కంపెనీ వోళ్ళు తీసేసారట అని తెలిసాక, మల్లీ ఎవరైనా నా సేతికి ఉత్తరం ఇస్తారా?"

"తాయారూ..."

"ఎల్లుండి లక్ష్మివారం. ఐదింటికి మీరే రండి. మీ కళ్ళతో సూసి, మీ సేత్తో రాయండి. అప్పుడు నన్ను తీసేద్దురుగాని."

ఆ రెండు రోజులూ జగన్నాధం ఆమె చెప్పింది నిజం కావాలని కోరుకున్నాడు. నిజమైతే తనెంత తప్పు చేసినట్టో తలుచుకుని భయపడ్డాడు. ఆ భయం కన్నా ఆ కోరికే ఎక్కువగా ఉందని గమనించి, ఇంకా భయపడ్డాడు.

లక్ష్మివారం తెల్లవారుజామున మంచు దట్టంగా ఉంది. అతను సైకిలు దిగేసరికి తాయారు లాంతరు పట్టుకుని డేరా దగ్గర నిలబడి ఉంది. తలంటుకున్న జుట్టు తడిగా ఉంది. మీటరు మూత తీసి, పక్కకి తప్పుకుంది.

ముల్లు నలభై గీతల అవతల ఉంది.

జగన్నాధం మీటరుని మెల్లిగా తట్టాడు. బ్యాటరీ చూశాడు. తీగలు విప్పి మళ్ళీ బిగించాడు. ముల్లు అక్కడే ఉంది.

"రాయండి," అని తాయారు పెన్సిలు అందించింది.

రాశాడు. పై మూడు వారాల అంకెల కింద, తన దస్తూరీలో నాలుగోది. ఆమె ఒక్క మాట దెప్పినా బాగుండుననిపించింది. దెప్పలేదు.

టార్చి వేసుకుని తీగ వెంబడే గట్టు మీదికి నడిచాడు. తాయారు వెనకే వచ్చింది. ఇనుప పలక మీది గోనెపట్టా ఎత్తి చెయ్యి వేశాడు. అంత చలిలో ఇనుము గోరువెచ్చగా ఉంది. టార్చి దగ్గరగా పెట్టాడు. పలక నిండా పసుపు. మధ్యలో కుంకుమ బొట్టు. మైనం పక్కన రెండు బంతిపూలు.

"మామ్మా!" అంది తాయారు, గాలిలో సాంబ్రాణి వాసన పసిగట్టి.

అప్పుడే సాంబ్రాణి పొగతో గట్టెక్కుతోంది గున్నమ్మ. సోములు తల్లి, తల్లి లేని తాయారుని పెంచిన మనిషి.

"ఏటి నాయినా, ఇంత పొద్దున్నే ఒచ్చీసినావు? కోడలి పిల్లని సూడ్డానికేటి?"

"కోడలేంటి మామ్మా?" అన్నాడు జగన్నాధం.

"నువ్వే కదా సెప్పినావు మా తాయారుకి, ఇది ఆ దూలం పెళ్ళామని. మా బూమిలోకి కొత్త కోడలొచ్చి, మార్గశిర లక్ష్మివారం నాడు పసుపు లేకుండా, బొట్టు లేకుండా గోనెపట్టా కింద పడుంటే మా ఇంటికి మంచిదేటి? అందుకే లక్ష్మివారం నాలుగింటికల్లా నీళ్ళు పోసి, పసుపు రాసి పోతన్నాను."

"వేడినీళ్ళు పోశావా?"

"సలికాలం కదా నాయినా. కొత్త కోడలికి సన్నీళ్ళు పోస్తామేటి?"

జగన్నాధం గట్టు మీద కూలబడ్డాడు. పలక వెచ్చబడింది, దూలం చల్లగా ఉంది. ముల్లు పాపం ఉన్నదే చెప్పింది. తాయారు ఉన్నదే రాసింది. పొద్దెక్కేసరికి పలక చల్లారి, ముల్లు తన చోటికి తను వెళ్ళిపోయేది. ఇంతకీ ఆ వంతెన దగ్గర ఒట్టి మాట పుట్టించిన వాడెవడంటే, ఆడపిల్ల ముందు గొప్పకి పోయిన తనే.

"నేనే మామ్మకి సెప్పాను," అంది తాయారు నెమ్మదిగా. "మీరు సెప్పింది బాగున్నాదని. ఇలా సేస్తాదని తెల్దు."

బాగున్నాదని. అతను తల ఎత్తి చూశాడు. ఆమె అప్పటికే డేరా వైపు తిరిగిపోయింది.

నారాయణమూర్తి గారు సోమవారం జీపులో దిగారు. కబురు తెలిసి సోములు, గున్నమ్మ, గట్టు పని చేసే నలుగురు కూలీలు డేరా దగ్గర చేరారు. ఆయన చేతిసంచీలో జగన్నాధం ఉద్యోగం ఖాయం చేసే కాగితాలున్నాయి. జీపు దిగుతూనే ఆ మాట చెప్పారు కూడా.

"ఆ రీడరు సంగతేం చేశావు? మార్చేశావా?"

ఒక్క "ఆఁ" అంటే చాలు. రీడరుదే తప్పని అందరూ నమ్మేస్తారు, ముసలమ్మ వేడినీళ్ళ సంగతి ఎవరికీ అక్కర్లేదు, సంతకం పడిపోతుంది. ఆ "ఆఁ" జగన్నాధం నాలుక మీదికి రాలేదని చెబితే అబద్ధం. వచ్చింది. ఎదురుగా తాయారు నిలబడి ఉంది. ఆమె అతని వైపు చూడటం లేదు, నేల చూస్తోంది. ఆ నేలచూపు అతనివల్ల వచ్చిందే.

"రీడరు రాసింది ప్రతి అంకె నిజం సార్," అన్నాడు, కూలీలకి కూడా వినబడేలా. "తప్పు నాది. నేనాడిన వేళాకోళం వల్ల డమ్మీ పలక మీద ప్రతి లక్ష్మివారం వేడినీళ్ళు పడ్డాయి. అది కనిపెట్టలేక ఆవిడ మీద రాశాను. నానే తప్పు సేసాను సార్."

కంగారులో శ్రీకూర్మం మాట వచ్చేసింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆఫీసరు చాలాసేపు రిజిస్టరు తిరగేశారు. చివర్లో, జగన్నాధం ఎప్పుడూ తిప్పి చూడని ఒక పేజీ దగ్గర ఆగారు.

"లక్ష్మివారం నాడు ఈ పావుగంట పావుగంట రీడింగులు ఎవరు రాయమన్నారమ్మా?"

"ఎవరూ అనలేదండి," అంది తాయారు. "ముల్లు కదుల్తా ఉంటే ఒక్కసారి రాసి ఎలా ఊరుకుంటాం? మల్లీ సున్నా దగ్గిరికి వచ్చేదాకా రాసాను."

"ఇవి ఉన్నాయి కాబట్టి పలక ఎలా చల్లారిందో లెక్క కట్టి తప్పు సరిచేసుకోవచ్చు. లేకపోతే నాలుగు వారాల పని ఏట్లో కలిసేది." ఆయన కళ్ళజోడు తీశారు. "జగన్నాధం, నీ కాగితాలు ఆరు నెలలు ఆగుతాయి. చూడకుండా రాసింది నువ్వు."

"అవును సార్."

"ఆ ఉత్తరం చింపేస్తానులే అమ్మా," అన్నారు తాయారుతో.

"సింపొద్దండి. సింపితే కాయితం పోతాది గానీ మాట పోదు. దాని పక్కనే ఇంకో కాయితం ఉండాలి."

ఆ సాయంత్రం జగన్నాధం ఇంకో ఉత్తరం రాశాడు. తాయారు ఎదురుగా కూర్చుని, ప్రతి ఇంగ్లీషు మాటకీ అర్థం అడిగి, ఒక చోట ఆపింది.

"కార్బను పెట్టారా?"

"పెట్టాను."

"సూపించండి."

చూపించాడు.

బుధవారం తుపాను జల్లు పట్టుకుంది. ఇద్దరూ డేరా లోపల చెరో మూలా ఇరుక్కున్నారు. పైన గుడ్డ మీద వాన టపటపమంటోంది. కారుతున్న చోట తాయారు చెంబు పెట్టింది. చెంబు నిండుతున్నంతసేపూ ఇద్దరూ దానినే శ్రద్ధగా చూశారు.

"నా మీద కోపం పోయిందా?" అన్నాడు జగన్నాధం.

"లేదు."

"ఎంతుంది ఇంకా?"

"దానికేటి మీటరుందేటి నా దగ్గిర?"

నవ్వు ఆపుకుంది. ఆపుకున్న నవ్వు కళ్ళలో కనబడింది. జగన్నాధం వానకి వెయ్యి దండాలు పెట్టుకున్నాడు.

"తాయారూ, రేపు మీ నాన్నగారిని అడుగుదామనుకుంటున్నాను."

"ఏటడుగుతారు?"

"ఏటో మీకు తెల్దేటి?"

ఆమె చెంబు ఎత్తి నీళ్ళు బయట పారబోసి వచ్చింది. చెంబుని మళ్ళీ పెట్టడంలో అవసరం కన్నా ఎక్కువసేపు గడిపింది.

పని అయిపోయింది. శుక్రవారం పొద్దున్న డేరా ఎత్తేసి, సామానుతో లారీలో వెళ్ళిపోవాలి. అందుకని లక్ష్మివారం సాయంత్రమే జగన్నాధం ఇస్త్రీ చొక్కా వేసుకుని సోములు అరుగు ముందు నిలబడ్డాడు. తాయారు గుమ్మంలో తలుపు వెనక ఉంది.

"ఏటి బాబూ, ఎల్లిపోతన్నారట?" అన్నాడు సోములు.

"వెళ్ళేముందు ఒకటి అడుగుదామని వచ్చానండి. మాదీ వ్యవసాయమే. మా నాన్న శ్రీకూర్మం దగ్గర వరి పండిస్తాడు. పెద్దవాళ్ళు తరువాత వస్తారు, ఉత్తరం రాశాను. ముందు మీరు సరేనంటే... తాయారుని నాకివ్వండి."

సోములు జవాబు చెప్పేలోపే లోపల్నుంచి గున్నమ్మ వచ్చింది.

"ఈయాల ఏటి వారం నాయినా?"

"లక్ష్మివారం."

"మార్గశిర లక్ష్మివారం నాడు పక్కింటికి నిప్పు కూడా ఇవ్వం. చేటడు బియ్యమడిగినా ఇవ్వం. పిల్లనడుగుతావేటి?"

"రేపు అడుగుతాను మామ్మా."

"రేపు శుక్కురారం. అసలివ్వం."

"మరి?"

"శనివారం రా."

జగన్నాధం తలుపు వైపు చూశాడు. తలుపు సందులోంచి ఒక కన్ను మాత్రం కనిపించింది. ఆ కన్ను ఏమీ సాయం చెయ్యలేదు.

శుక్రవారం లారీ కదిలింది. డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు. "మీరెళ్ళండి, నేను రైల్లో వస్తాను," అన్నాడు జగన్నాధం. ఆరు నెలలు వెనక్కి పోయిన ఉద్యోగం, చెప్పాపెట్టకుండా ఒక రోజు ఆలస్యమైతే ఇంకెంత వెనక్కి పోతుందో అతనికి తెలియదు. పొలంలో డేరా మేకుల గుంటలు మాత్రం మిగిలాయి. ఇస్త్రీ చొక్కా నలిగిపోయింది. అయినా ఉన్నాడు.

శనివారం పొద్దున్న సోములు అతన్ని అరుగు మీద కూర్చోబెట్టాడు.

"నువ్వెవరి తాలూకా అన్నది నిన్న మనిషిని పంపి కనుక్కున్నాను బాబూ. మాకు అబ్యంతరం లేదు. కానీ ఎవసాయం సేసీది మేమైనా, కాపురం సేసీది అది." కూతురి వైపు తిరిగాడు. "నువ్వేటంటావే?"

తాయారు ఈసారి తలుపు వెనక లేదు. గుమ్మం దాటి ముందుకొచ్చింది.

"నా మాట నమ్మని మనిషికి నా మాటెందుకు నాన్నా?"

గున్నమ్మ, "ఒసే!" అంది. జగన్నాధం లేచి నిలబడ్డాడు. ఆమె అన్నదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు.

"కానీ," అంది తాయారు, "ఉజ్జోగం పోతాదని తెలిసీ, తప్పు నాదని పదిమందిలో సెప్పిన మనిషి ఒకాయనున్నాడు. ఆయనడిగితే సెప్తాను."

"నానే," అన్నాడు జగన్నాధం. "నానే అడుగుతన్నాను."

"అయితే సరేనని సెప్పండి నాన్నా," అంది తాయారు.